అక్కకు చెప్పని భాగం

చాలా ఏళ్ళుగా ఒక మాట నా కడుపులో ఉంది. అరగదు, బయటికి రాదు. ఎవరికైనా చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వేరే మాటేదో వచ్చేసేది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మ బతికున్నప్పుడు అమ్మకూ చెప్పలేదు. దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకు ఈ సంగతి చెప్పి, మళ్ళీ వాళ్ళకే కాఫీ కలిపి ఇవ్వడం నా వల్ల కాదు.

వినడానికి ఇది చాలా చిన్న విషయం. ఒక టీవీ సీరియల్‌లో ఒక రోజు వచ్చిన కథను ఒక మనిషికి చెప్పకుండా దాటేశాను. అంతే. ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొత్తూ తినలేదు. చిన్నదే కదా అని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చిన్నదైతే ఇన్నేళ్ళు ఎందుకు మోస్తున్నాను? అక్క ఫోటో ముందు దీపం పెట్టేటప్పుడు తల ఎందుకు దించుకుంటున్నాను?

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. మా అత్తగారిల్లు డోన్‌లో. ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు. మైదుకూరు నుంచి నేను కోడలిగా వచ్చేసరికే అత్త లేదు. ఇంటి పెత్తనమంతా అక్కదే. నాకంటే బాగా పెద్దది. గొంతు పెద్దది, చేయి అంతకంటే పెద్దది. అంగడికి వచ్చిన ముసలమ్మలకు బావ చూడకుండా గుప్పెడు బెల్లం ఎక్కువ వేసేది. నాకు జ్వరం వస్తే పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆమె చెడ్డదై ఉంటే నాకు కొంచెం సులభంగా ఉండేది. అది కాదని చెప్పడానికి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో టీవీలో ఒక ఆసుపత్రి సీరియల్ వచ్చేది. పేరెందుకులెండి. ఏళ్ళ తరబడి సాగింది. కథ మొదట్లో కన్నెపిల్లగా చేరిన నర్సుకు పెళ్ళై, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ బడికి పోతున్నా డాక్టరమ్మ జడలో ఒక్క వెంట్రుక నెరవలేదు. మా ఆయన, నేను నవ్వుకునేవాళ్ళం. అక్క నవ్వేది కాదు. ఆమెకు ఆ డాక్టరమ్మ మాటంటే వేదం. కాచిన నూనె మళ్ళీ కాచొద్దని డాక్టరమ్మ అన్న మర్నాడు మా ఇంట్లో మూకుడులో నూనె మురిక్కాలువలో పోయింది. అరికాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు షుగరు చూపించుకోవాలని అన్న మర్నాడు మా మామను పరగడుపున లాక్కుని పోయి పరీక్ష చేయించింది. నిజంగానే షుగరు బయటపడింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఆమెను ఎగతాళి చేయలేదు.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. డాక్టరమ్మ చెప్పిందంటే అక్క తప్పకుండా చేసేది. నాకు అది తెలుసు. తెలిసే చేశాను.

నెలలో ఆ రోజులు వస్తే అక్క లోపలికి వచ్చేది కాదు. అత్త పోయినా ఆచారం పోలేదు, అక్కే పోనివ్వలేదు. వెనక వసారాలో నాపరాళ్ళ మీద చాప, ఒక చెంబు, ఒక దుప్పటి. టీవీ నడింట్లో ఉండేది. వసారాలోకి మాటలు వినపడతాయి కానీ బొమ్మ కనపడదు. మధ్యాహ్నం మళ్ళీ వేసేవాళ్ళు గానీ, మా ఊళ్ళో మధ్యాహ్నం కరెంటు ఉంటే కదా! అందుకని మర్నాడు పనులయ్యాక నేను గడపకు ఇవతల కూర్చునేదాన్ని. ఒడిలో చాటలో బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు, పోసుకుని ఒలుస్తూ, ముందు రోజు కథంతా అక్కకు చెప్పేదాన్ని. ఎవరు ఏ చీర కట్టారు, ఎవరు ఎవరిని ఎలా చూశారు, ఏడ్చిందా, ఏడ్చినట్టు నటించిందా, అన్నీ. గొంతులు మార్చి చెప్పేదాన్ని. అక్క చాప మీద నుంచి కడుపు పట్టుకుని నవ్వేది. “టీవీ కంటే నువ్వు చెప్తేనే బాగుండాదిమ్మే” అనేది. ఆ ఇంట్లో నా వంటను మెచ్చుకున్నవాళ్ళు లేరు, నా కథ చెప్పడాన్ని మాత్రం అక్క మెచ్చుకునేది. నాకు అది చాలా గొప్పగా ఉండేది.

రాను రాను అక్క వసారాలో ఉండే రోజులు ఎక్కువయ్యాయి. తలస్నానం చేసి లోపలికి వచ్చి రెండు రోజులు కాకముందే మళ్ళీ చాప పరుచుకునేది. మగవాళ్ళకు ఇవి పట్టవు. నాకు తెలుసు, ఎందుకంటే నేను చెప్పాల్సిన కథ పెరిగిపోతూ వచ్చింది. అడిగితే అక్క తేలిగ్గా తీసేసింది. “వయసు కదమ్మే. నిల్చిపోయే ముందర అట్లే ఉంటాదంట. మా యమ్మకూ అట్లే ఉండె” అంది. నేనూ సరే అనుకున్నాను. ఆమె ముఖం పాలిపోతోందని చూశాను. చూసి కూడా, నాకు మొదట వచ్చింది జాలి కాదు, విసుగు. ఇంటిల్లిపాదికీ వంట నేనే, అంట్లు నేనే, అంగడికి టీలు నేనే. వసారాలో కూర్చుని కథలు వినడం ఆమె వంతు అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని. అనలేదు. అనలేదని నన్ను నేను మంచిదాన్నని కూడా అనుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెళ్ళయి అన్నేళ్ళయినా మా ఆయన, నేను ఇద్దరమే కలిసి ఏ ఊరికీ పోలేదు. పోతే ఇల్లంతా పోవాలి, లేకపోతే లేదు. ఒకసారి మంత్రాలయం పోదామనుకున్నాం, అక్క బయట చేరింది, వంటకు మనిషి లేదని ఆగిపోయాం. ఇంకోసారీ అంతే అయింది. చివరికి ఒక శనివారానికి, అక్క బయట ఉన్నా హోటల్ నుంచి తెప్పించుకుంటాంలే అని, బావ ఒప్పుకున్నాడు. రెండు రోజులు. దేవుడి మీద భక్తి అని చెప్పను. రైల్లో ఆయన పక్కన కిటికీ దగ్గర కూర్చోవాలని, తుంగభద్ర నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలని, ఎవరికీ టీ పెట్టకుండా తెల్లారాలని. అంతే నా కోరిక. కట్టుకోవాల్సిన చీర వారం ముందే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

ఆ వారంలోనే ఆ భాగం వచ్చింది.

సాయంత్రం దీపాలు పెట్టిన తర్వాత. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను టీవీకి దగ్గరగా కింద కూర్చున్నాను. మా ఆయన, బావ అంగట్లో ఉన్నారు. అక్క వసారాలో. సీరియల్‌లో ఒక పల్లెటూరి ఆమె డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి. డాక్టరమ్మ ఆమెను బహిష్టు గురించి సూటిగా అడగడం మొదలుపెట్టింది. ఎన్ని రోజులు ఉంటోంది, ఆగి మళ్ళీ వస్తోందా, నడుము నొప్పి ఉందా. మామ గట్టిగా దగ్గాడు. గోడ మీద క్యాలెండరు వైపు తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రిమోట్ తీసుకుని సౌండు బాగా తగ్గించేశాను. ఇందులో నన్ను నేను తప్పు పట్టుకోను. మామ ఎదురుగా ఆ మాటలు వస్తుంటే మా ఇళ్ళలో ఏ కోడలైనా అదే చేసేది.

వసారాలోంచి అక్క గొంతు వచ్చింది.

“ఏమ్మే, సప్పుడు తగ్గిస్తివే? డాక్టరమ్మ ఏందో చెప్తాండాది కదా?”

“ఏం లేదక్కా. మామకు తలనొప్పంట.”

“సర్లే. రేపు చెప్దువులే.”

నేను టీవీకి దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినపడుతోంది. డాక్టరమ్మ ఆ పల్లెటూరి ఆమెను కోప్పడుతోంది. ఇది వయసు వల్ల వచ్చేది కాదమ్మా, ఇట్లా ఆగకుండా పోతుంటే గర్భసంచికి క్యాన్సర్ అయి ఉండొచ్చు, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా రావాలి, తొందరగా వస్తే బాగు చేస్తాం, అంటోంది. ఆ ఆమె చెప్పిన గుర్తులన్నీ అక్కవే. మాట మాటా అక్కదే. “మా యమ్మకూ అట్లే ఉండేది” అని కూడా అంది. లేచి వసారాలోకి పోయి అక్కా, విను అని చెప్పాలి. అప్పుడే. కాళ్ళు లేవడానికి సిద్ధమయ్యాయి కూడా.

లేవలేదు.

ఎందుకు లేవలేదు? దీనికి ఎన్ని జవాబులు తయారుచేసుకున్నానో. మామ ఉన్నాడు కదా అని. అది సీరియలే కదా, నిజం కాదు కదా అని. అక్కను భయపెట్టడం ఎందుకని. ఇవన్నీ తర్వాత కుట్టుకున్న అతుకులు. ఆ క్షణంలో నా మనసులో వచ్చింది ఒకటే: ఇది చెప్తే అక్క రేపే కర్నూలుకు పోదామంటుంది, బావ ఆమె వెంట పోతాడు, మా ఆయన అంగట్లో ఉండాలి, నేను ఇంట్లో ఉండాలి, శనివారం పోయినట్టే. వచ్చినాక చెబుదాంలే అనుకున్నాను. నాలుగు రోజులకు ఏమవుతుంది అనుకున్నాను. ఆమె ప్రాణానికి, నా రైలు ప్రయాణానికి తూకం వేసి, నా వైపు మొగ్గాను. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. కానీ జరిగింది మాత్రం ఇదే.

మర్నాడు అక్క అడిగింది. నేను గడప దగ్గర కూర్చుని చాట ముందు పెట్టుకున్నాను. ఆ పల్లెటూరి ఆమెను మొత్తం తీసేశాను. ఆమె స్థానంలో కాంపౌండరు ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చి, డాక్టరమ్మ అత్తకు పొరపాటున విరేచనాల మాత్రలు వేశాడని ఒక కథ అల్లాను. అత్త చీర కుచ్చిళ్ళు పట్టుకుని వరండాలో పరుగెత్తడం నడిచి చూపించాను. అక్క కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. “సాలమ్మే, కడుపు నొప్పి పుడుతాండాది” అంది. నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్తున్నంతసేపు నాకు భయం లేదు, సంతోషంగానే ఉంది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శనివారం మంత్రాలయం పోయాం. కిటికీ దగ్గరే కూర్చున్నాను. నదిలో కాళ్ళూ పెట్టుకున్నాను. బృందావనం ముందు నిలబడి చేతులు జోడించాక ఏమి మొక్కుకోవాలో తెలియలేదు. అక్కకు ఏమీ కాకుండా చూడు స్వామీ అన్నాను. అంతకుమించి చెప్పలేదు. నేను చేయాల్సిన పని దేవుడికి అప్పజెప్పి ప్రసాదం కట్టించుకుని వచ్చాను.

వచ్చేసరికి అక్క లోపల ఉంది. పొయ్యి దగ్గర బొరుగులతో ఉగ్గాని చేస్తోంది. తగ్గిపోయిందంది. “చూస్తివా, నేను చెప్పలా, వయసని?” అంది. నాకు అది వినాలనే ఉంది కాబట్టి విన్నాను. చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చి వెనక్కి పోయింది. కొన్ని రోజులకు మళ్ళీ చాప పడింది. ఈసారి చెప్పాలి. కానీ ఎలా? ఆ భాగం ఎప్పుడొచ్చిందని అడుగుతుంది. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. కాంపౌండరు కథ ఏమిటని అడుగుతుంది. సీరియల్‌తో పనేముంది, ఊరికే ఆసుపత్రికి పోదాం పా అక్కా అని ఉండొచ్చు కదా? అన్నాను, ఒకటి రెండుసార్లు. గట్టిగా అనలేదు. “మగోళ్ళతో ఏమని చెప్పల్లమ్మే, సిగ్గులేకుండా” అంది. నేను ఊరుకున్నాను. డాక్టరమ్మ చెప్పిందని ఒక్క మాట అంటే ఆ సిగ్గు ఎగిరిపోయేది. ఆ ఒక్క మాట నా దగ్గర ఉంది. నా అబద్ధం బయటపడుతుందని దాన్ని దాచుకున్నాను. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

చివరికి అక్క అంగట్లో చింతపండు తూస్తూ పడిపోయింది. కర్నూలుకు తీసుకుపోయాం. దారిలోనే ఆమెకు మళ్ళీ మొదలైంది. అక్కడి డాక్టరమ్మ సీరియల్ డాక్టరమ్మలా లేదు. బయట జనం ఉన్నారు, ఆమెకు తీరిక లేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అవుతోందని అడిగింది. వెనక బావ నిలబడి ఉన్నాడు. అక్క నా వైపు చూసింది. లెక్క నాకే తెలుసని ఆమెకు తెలుసు. దాదాపు ఏడాది అయింది. నేను “రెండు నెలలుగా మేడమ్” అన్నాను.

నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను. అక్కకు అలా అర్థం కాలేదు. బావ తిడతాడని ఆమెను నేను వెనకేసుకొస్తున్నానని అనుకుంది. బల్ల కింద నా చేయి పట్టుకుని నొక్కింది. ఆ రోజుల్లో ఉండగా అక్క ఎవరినీ తాకేది కాదు. చిన్నపిల్లలు పొరపాటున తగిలినా తలమీద నీళ్ళు పోయించేది. అలాంటిది నా చేయి పట్టుకుంది. బయటికి వచ్చాక, “బాగ చెప్తివిమ్మే. నిజం చెప్పింటే మీ బావ నన్ను నమిలి మింగేసుండేటోడు” అని నా చెవిలో అంది. నేను తల ఊపాను. డాక్టరమ్మ పరీక్ష చేసి, రెండు నెలలది కాదమ్మా ఇది, చాలా ముదిరింది, ముందే రావాల్సింది అంది.

ఆపరేషన్ చేయలేమన్నారు. కరెంటు పెట్టించారు, అదే రేడియేషన్. జుట్టు ఊడలేదు గానీ మనిషి సగమైంది. మంచం నడింట్లోకి, టీవీ ఎదురుగా మార్చాం. ఇక వసారా లేదు, చాప లేదు. సీరియల్ ఇంకా నడుస్తూనే ఉంది. అక్క ఇప్పుడు రోజూ చూడొచ్చు. చూసేది కాదు. కళ్ళు మూసుకుని “నువ్వే చెప్పమ్మే” అనేది. నేను మంచం పక్కన కూర్చుని, ఎదురుగా నడుస్తున్న బొమ్మనే చూస్తూ చెప్పేదాన్ని. అప్పుడు ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను. ఎవరికి కావాలి ఆ నిజాయితీ?

ఒక రోజు మధ్యాహ్నం. కరెంటు లేదు. నేను విసనకర్రతో విసురుతున్నాను. నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అడిగింది.

“ఇన్నేండ్లు చూస్తిమి కదమ్మే. ఆ డాక్టరమ్మ కాడికి నా మాదిరి జబ్బుతో ఎవురన్నా వచ్చినారా?”

నేను విసురుతూనే ఉన్నాను.

“వచ్చింటే బాగైనారా? నాకు గుర్తు రాలేదు. నువ్వు శానా బాగ గుర్తు పెట్టుకుంటావు కదా.”

“గుర్తు లేదక్కా.”

“పోనీలే. ఆ రాసేటోళ్ళకు తెలీదేమో ఈ జబ్బు” అని గోడ వైపు తిరిగింది.

నాకు గుర్తుంది. ఆ పల్లెటూరి ఆమె నాకు గుర్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు ఆమె మళ్ళీ వచ్చింది సీరియల్‌లో. అప్పుడూ అక్క వసారాలోనే ఉంది, అప్పుడూ నేను ఆమెను తీసేసి కథ చెప్పాను. మొదటిసారి దాచినందుకు నాకో కారణం ఉంది, ఎంత నీచమైనదైనా. ఆ మధ్యాహ్నం దాచినందుకు ఏముంది? ఏ రైలూ లేదు, ఏ ఊరూ లేదు. ఆమెకు కావాల్సింది కాస్త ధైర్యం. ఉంది అక్కా అంటే, ఎప్పుడు వచ్చింది, నాకు ఎందుకు చెప్పలేదు అంటుందని భయపడ్డాను. చావుకు దగ్గరైన మనిషి నా గురించి చెడ్డగా అనుకోకూడదని, ఆమెకు ఆ నాలుగు మాటలు కూడా ఇవ్వలేదు. అన్నిటికంటే ఇదే నన్ను ఎక్కువ తింటోంది.

వానలు మొదలయ్యేలోపే అక్క పోయింది. ముందే పోయి ఉంటే బతికేదా? నాకు తెలియదు. కర్నూలు డాక్టరమ్మను అడగొచ్చు, అడగలేదు. ఏ జవాబు వచ్చినా తట్టుకోలేనని కాదు, బతికేది కాదంటే ఎక్కడ తేలికపడిపోతానో అని. ఊళ్ళో అందరూ తోడికోడలంటే ఇలా ఉండాలన్నారు. తల్లిలా సేవ చేసిందన్నారు. బావ ఇప్పటికీ నన్ను చూస్తే కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. ఆయనకు ఇది చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదనుకుంటాను. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించడానికి మీరెవరు? క్షమించాల్సిన మనిషి గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఎక్కడో ఒకచోట చెప్పాలి. చెప్తున్నాను, వినండి.

ఒకామె ఉండాది అక్కా. నీ మాదిరే వచ్చింది. తొందరగా వచ్చింది. డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. కొన్నాళ్ళకు సంచి నిండా కాకరకాయలు తెచ్చి బల్ల మీద పోసి, ఇవి మా చేన్లోవి, నేనే తెంపినా అనె. బాగైంది అక్కా. నడుచుకుంటా ఇంటికి పోయింది.

రాసేశాను. గుండె కొంచెం తేలికైంది. ఆ తేలికకు కూడా సిగ్గుగానే ఉంది.